బాలకావ్యము - ప్రౌఢసహృదయుడు: ‘ఓజామాజో డోరేమి’ పరిశీలనము

కావ్యవిచారము చేసిన మన ఆలంకారికులు అధికారినిర్ణయము నుపేక్షింపలేదు. కావ్యము నాస్వాదింపగలవాడెవడను ప్రశ్నకు సహృదయుడని సమాధానము చెప్పిరి. కాని ఆ సహృదయునకు వయోనియమము నేర్పరచినట్లు కానరాదు. పంచతంత్రము రాజకుమారుల బోధకై పుట్టినదని దాని కథాముఖమే చెప్పుచున్నది. ఐనను దానిని చదివి యానందించినవారిలో పండితులకు కొదువ లేదు. చిన్నయసూరి నీతిచంద్రికయు (1853) విద్యార్థులకొఱకు వెలసినదే. నేడు దాని వాక్యరచనను మెచ్చువారిలో విద్యార్థులు తక్కువ. కావున బాలోద్దిష్టమైన కృతిని ప్రౌఢుడు ఆస్వాదించుట మనకు వింత కాదు. వింత యైనది మఱియొకటి కలదు. ఆ యాస్వాదము ఎట్టిదని యడిగినచో మనము తడబడుదుము.

సామాన్యముగ మూడు సమాధానములు వినవచ్చుచుండును. ప్రౌఢుడు కొంతసేపు మఱల బాలుడై ఆనందించుచున్నాడనునది మొదటిది. బాలునకందని గూఢార్థమును తాను గ్రహించి ఆనందించుచున్నాడనునది రెండవది. కథలోని శిశువుల ముద్దుచేష్టలను జూచి తండ్రివలె మురియుచున్నాడనునది మూడవది. ఈ మూడింటను కొంత సత్యము కలదు. కాని ఏ యొక్కటియు చాలదని మా యభిప్రాయము. దీనిని నిరూపించుటకై జపాను దేశమున బాలికలకొఱకు నిర్మింపబడిన ‘ఓజామాజో డోరేమి’ యను కార్టూను ధారావాహికను పరిశీలింప నెంచితిమి. విశ్వవిద్యాలయ పరిశోధనపత్రికలో ఇట్టి వస్తువునకు చోటేమని శంకించువారు కొంత ఓర్పు వహింతురు గాక.

ఈ కృతి యే సంప్రదాయమునకు చెందినదో మొదట తెలియవలెను. జపానులో చలనచిత్రపు బొమ్మలను ‘అనిమే’ యందురు. అందు మాయాశక్తి గల బాలిక కథానాయికగా గల శాఖ యొకటి కలదు. 1966లో తోయ్ సంస్థ ప్రసారమునకు తెచ్చిన ‘మంత్రకత్తె శాలి’ ఈ శాఖకు ఆదియని సాధారణముగ చెప్పుదురు. దానికి మూలము మిత్సుతేరు యొకొయామా బొమ్మలకథ. శాలి మాయాలోకమునుండి మానవులలోనికి వచ్చిన రాకుమారి. 1969లో వచ్చిన ‘అక్కో’ కథయందు ఈ సంబంధము తలక్రిందైనది. అక్కో సామాన్యబాలిక, ఆమెకు మాయాదర్పణ మొకటి లభించును. ఒక కథలో మాయ పుట్టుకతో వచ్చినది, మఱియొకదానిలో దొరకినది. తరువాతి కథలు పెక్కు ఈ రెండు త్రోవలలో నేదో యొకదానిని పట్టినవే. 1992లో వచ్చిన ‘సైలర్ మూన్’ మాయాబాలికకు యుద్ధమును జోడించెను. ఆ ధారావాహికకు తొలిదర్శకుడైన జునిచి సతోయే తకుయ ఇగరషితో కలిసి 1999లో ‘డోరేమి’ని ప్రారంభించెను. ఇది మఱల యుద్ధమును వదలి ఇల్లు, బడి, అంగడి యను మూడు తావులకు తిరిగి వచ్చినది. మొత్తము నాలుగు సంవత్సరముల భాగములు. 1999 ఫిబ్రవరి మొదలు 2003 జనవరి వరకు ఆదివారపు ఉదయములందు 201 ప్రకరణములు ప్రసారమైనవి.

కథారంభము హాస్యముతో కూడినది. మూడవ తరగతి చదువు డోరేమి తాను లోకములోకెల్ల దురదృష్టవంతురాలనని వాపోవుచుండును. ఆమె ఒకనాడు ‘మహోదో’ యను పాత యంగడిలో ప్రవేశించి, దాని యజమానురాలిని జూచి ‘నీవు మంత్రకత్తెవు’ అనును. గుట్టు బయటపడిన మంత్రకత్తె కప్పవంటి ఆకృతి దాల్చునట్టి శాపమొకటి కలదు. ఆమె పూర్వరూపము పొందవలెనన్న, గుట్టు కనుగొన్న డోరేమియే విద్య నేర్చి మంత్రకత్తె కావలెను. హజూకి, ఐకో యను చెలికత్తెలు ఆమెతో చేరుదురు. పిమ్మట ఒంపు, మొమొకో కూడ వచ్చి కలియుదురు. తొమ్మిదవ తరగతినుండి మొదటి తరగతివరకు పరీక్షలు గలవు. మాయకు పరీక్షలు, శిష్యులకు అంగడిపని, వస్తువుల విక్రయము: ఇట్లు అద్భుతము నిత్యజీవనపు కట్టుబాట్లలో బిగింపబడినది. కృతినామమున ‘ఓజామ’ యనగా అడ్డు, తొందర. ‘మజో’ యనగా మంత్రకత్తె. రెండింటిని కలిపి పలికిన ఈ పేరులోనే ఆమె ప్రావీణ్యమెంతటిదో తెలియుచున్నది.

ఇంతవరకు చూచినవాడు దీనిని బాలవినోద మనుకొని వదలివేయవచ్చును. మేమును అట్లే యనుకొంటిమి. మా కుమార్తెకు ఎనిమిదేండ్ల వయస్సున ఆమెకొఱకు దీనిని చూడ నారంభించితిమి. జపాను భాష మాకు రాదు. ఇంగ్లీషు ఉపశీర్షికలను చదివి తెలుగున చెప్పుట మా పని. కావున మా దృష్టి మొదట కథపై గాక మాటలపై నుండెను. కాని మాటలను వెదకువానికి కథలోని నియమములు త్వరగా పట్టుబడును. ఈ కృతికి ప్రాణమైన నియమమొకటి మాకట్లు పట్టుబడినది.

మాయకు ఈ కథలో మూడు నిషేధములు కలవు. మరణించినవారిని బ్రతికింపరాదు, వ్యాధిని, గాయమును మాన్పరాదు, పరుల మనస్సును మార్పరాదు. నిషేధము మీఱినచో ఆ కీడు చేసినవారికే మూడును. ఈ మూడింటిని తీసివేసిన పిమ్మట మాయకు మిగులునదేమని ఆలోచింపుడు. మనుష్యుడు నిజముగ మాయను కోరునట్టి సందర్భములన్నియు ఈ మూడింటనే అడగియున్నవి. మృత్యువు, వ్యాధి, అన్యుల ప్రేమ: ఈ మూడును మన చేతిలో లేవు గనుకనే మాయాకథలు పుట్టినవి. అట్టి కథయే ఆ మూడింటిని మాయకు వెలుపల నుంచినది. పిల్లలకొఱకు వ్రాయువాడు పిల్లలను మోసగింపనని చేసిన ప్రతిజ్ఞగా దీనిని మేము గ్రహించుచున్నాము.

ప్రతిజ్ఞ చేయుట సులభము, నిలుపుకొనుట కష్టము. డోరేమి కర్తలు దానిని నిలుపుకొనిరి. ఐకో తలిదండ్రులు విడిపోయినవారు. ఆమె తండ్రి అద్దెకారు నడపుచు ఆమెను పెంచుచుండును. మంత్రము చేతనున్నను తల్లిని తండ్రికడకు రప్పింపజాలదు. వారు చివరకు కలియుదురు గాని, ఆ కలయిక మంత్రఫలము కాదు. మూడవ భాగమున కయోకో యను బాలిక బడికి రాలేక ఇంటనే యుండును. ఆమెను తరగతిగది గుమ్మమువరకు తెచ్చునది తోడు నడచిన సహాధ్యాయినుల ఓర్పు. ఒంపు యను నటీబాలిక మాత్రము నిషేధము మీఱి పరుల మనస్సులను మార్చుచుండును. రక్షాకంకణ మొకటి ఆమెను కొంతకాలము కాపాడును. మొదటి భాగాంతమున చెలికత్తెల గుట్టు లోకమునకు వెల్లడికాగా, వారిని రక్షించుటకై అందఱి జ్ఞాపకములను ఆమె మార్చును. కంకణము పగులును, నూఱేండ్ల నిద్ర ఆమెకు శిక్ష యగును. ఆమెను మేల్కొల్పుటకు మిగిలినవారు తాము కష్టించి పొందిన మంత్రకత్తె పదవినే వదలుకొందురు. స్వార్థమునకు మీఱినపుడు తప్పించుకొన్న బాలిక, పరార్థమునకు మీఱినపుడు శిక్ష పొందుట గమనింపదగినది. సదుద్దేశమునకు నియమము సడలదు. ఇది బాలకథలలో అరుదైన కాఠిన్యము.

ఈ కాఠిన్యమునకు పరాకాష్ఠ 2004లో వచ్చిన ‘నైషో’ యను పదుమూడు ప్రకరణముల అనుబంధమున కలదు. అందొక ప్రకరణమునకు ఏడవ మంత్రకత్తె శిష్యురాలని అర్థమిచ్చు పేరు. నోజొమి యను బాలిక రక్తవ్యాధితో ఆసుపత్రిలో నుండును. డోరేమికి స్నేహితురాలగును. తానును మంత్రకత్తెను కావలెనని ఆమె కోరిక. తన యెదుటనున్నది నిజమైన మంత్రకత్తె శిష్యురాలని ఆమెకు తెలియదు. ఆమె మరణించును. దాని చుట్టును దీర్ఘవిలాపము లేదు.

ఇచట స్వవిషయ ప్రస్తావన కొంత అనివార్యము. శాస్త్రవ్యాసములందు అది యుచితము కాదని యెఱుగుదుము. ఐనను మా వాదమంతయు దానిపై నిలిచియున్నది గనుక మన్నింప వేడుచున్నాము. ఆ ప్రకరణము ముగిసినపుడు మా కుమార్తె, “మంత్రం ఉంది కదా నాన్నా, మరి ఆ అమ్మాయిని ఎందుకు బతికించలేదు?” అని యడిగెను. మంత్రమునకు ఆ శక్తి లేదని చెప్పితిమి. “లేకపోతే అది మంత్రమెలా అవుతుంది?” అని మఱల నడిగెను. దానికి మేము సమాధానము చెప్పలేదు. ఆ నెలలో మా మాతృమూర్తి అదే జాతి వ్యాధితో ప్రక్కగదిలో పడకనుండెను. బాలిక యడిగినది నోజొమిని గూర్చి కాదని మాకు తెలియును. అడిగిన యామెకు తెలియునో తెలియదో చెప్పజాలము. మేము కన్నీరు పెట్టుకొంటిమి. ఒక కార్టూను చిత్రమును జూచి నలుబది దాటిన అధ్యాపకుడు కంటనీరు పెట్టుట హాస్యాస్పదమని తోచువారికి మేము అభ్యంతరము చెప్పము.

ఐతే మా ప్రశ్న వేఱు. ఆ కన్నీరు రసాస్వాదమా? కాదని నేడు మేము నిశ్చయముగ చెప్పగలము. రసమునకు విఘ్నములు ఏడని అభినవగుప్తుడు లెక్కించెను. తనదను లేక పరులదను నియమముతో దేశకాలవిశేషములందు మునిగియుండుట అందొకటి. తన సుఖదుఃఖములకు వశుడై యుండుట వేఱొకటి. మా కన్నీరు ఈ విఘ్నములనుండి పుట్టినది. అది నోజొమికై కాదు, మా తల్లికై. అది శోకము, కరుణము కాదు. ప్రౌఢులు బాలకావ్యములను చూచి కరగితిమని చెప్పునపుడు పెక్కుమాఱులు జరుగునది ఇదియే. కృతి వారి గాయమును తాకును. వారు తమ గాయమునే కృతిగుణ మనుకొందురు. ఇట్టి ప్రశంస కృతికి న్యాయము చేయదు. ఏలన అట్టి కన్నీటిని ఎంత హీనమైన కృతియైనను తెప్పింపగలదు.

మా మాతృమూర్తి గతించిన యేడాదికి ఆ ప్రకరణమును ఒంటరిగ మఱల చూచితిమి. ఈ పర్యాయము మాకు మొదట కన్పింపనిది కన్పించినది. ఆ కథలో దుఃఖపాత్రము నోజొమి మాత్రమే కాదు. చేతిలో శక్తి యుండియు, అది ఇక్కడికి పనికిరాదని తెలిసి, ఐనను ప్రతిదినము ఆసుపత్రికి నడచుచున్న డోరేమియు అట్టిదే. మందు లేని రోగి ప్రక్కన కూర్చుండు ప్రతివాని స్థితియు ఇదియే. మొదటిసారి మేము ఆ స్థితిలో నుంటిమి గనుక దానిని చూడలేకపోతిమి. రెండవసారి ఆ స్థితి మాకు వాసనగా మాత్రము మిగిలినది గనుక చూడగలిగితిమి.

ఈ యనుభవమునుండి మేము గ్రహించిన సిద్ధాంత మిది. ప్రౌఢుని వయస్సు బాలకావ్యాస్వాదమునందు రెండు విధముల పనిచేయును. అది అభిమానముగ నున్నపుడు, అనగా ‘నేను పెద్దవాడను, నాకు తెలియును, నాకు జరిగినది’ అను రూపమున నున్నపుడు, విఘ్నమగును. అదే వాసనగా నున్నపుడు, అనగా బ్రతికిన యేండ్లు పేరు లేని సంస్కారముగ హృదయమున అడగియున్నపుడు, ఉపకరణమగును. సాధారణీకరణమున తొలగవలసిన విశేషములలో దేశకాలములతోపాటు వయస్సును కూడ చేర్చుకొనవలెను. తొలగవలసినది వయోభిమానము, వయస్సు నేర్పినది తొలగనక్కఱ లేదు.

ఈ సిద్ధాంతము మా స్వానుభవముపై మాత్రమే ఆధారపడినచో దానికి విలువ తక్కువ. కావున మా జీవితముతో సంబంధము లేని వేఱొక ప్రకరణముపై దానిని పరీక్షింతము. నాలుగవ భాగమున నలుబదవది, 2002లో ప్రసారమైనది, మంత్రకత్తెతనమును మానుకొన్న మంత్రకత్తెను గూర్చినది. దర్శకుడు మమొరు హొసొద. ఇతడు తరువాత 2006లో ‘కాలమును దాటిన బాలిక’ చిత్రమును నిర్మించి ప్రసిద్ధుడయ్యెను.

ఆరవ తరగతి ముగియనున్నది. చెలికత్తెలందఱకు ఎవరి త్రోవ వారికి తెలిసినది. డోరేమికి మాత్రము తెలియదు. బడినుండి ఇంటికి పోవు దారి రెండుగా చీలుచోట ఆమె ఆనాడు ఎన్నడు పోని ప్రక్కకు తిరుగును. అచట గాజుపని చేయు స్త్రీ యొకతె పరిచయమగును. ఆమె పేరు మిరాయ్. జపాను భాషలో ఆ మాటకు భవిష్యత్తని యర్థము. ఆమె ఒకప్పుడు మంత్రకత్తె. మాయను వదలినను ఆమెకు మనుష్యులవలె ముదిమి రాదు గనుక ఒకచోట చిరకాలము నిలువలేదు, ఊరూరు మాఱుచుండును. గాజు కదలనట్లు కన్పించినను మెల్లమెల్లగ ప్రవహించుచునే యున్నదని ఆమె డోరేమితో చెప్పును. మనము కొలువగల కాలములో చల్లారిన గాజు ప్రవహింపదని నేటి విజ్ఞానము. ఐనను ఆ మాట గాజును గూర్చినది కాదు. ఎదుగుదల లేదని దుఃఖించు బాలికకు, వయస్సు కదలని స్త్రీ చెప్పిన మాట అది. చెప్పినది ఎవరు, విన్నది ఎవరు అని చూచినచో దానిలోని వ్యంగ్యము తెలియును. ఒకప్పుడు తన్ను ప్రేమించి నేడు వృద్ధుడైనవాని చెంతకు ఇటలీకి పోవుచు, తనతో వచ్చెదవా యని ఆమె డోరేమి నడుగును. డోరేమి మఱల వచ్చి చూచుసరికి ఇల్లు శూన్యము. బాలిక తన దారిన మఱల నడచును. కథ యింతే. దీనిలో సమస్య యేదియు తీరలేదు, మాయ యేదియు పనిచేయలేదు.

దీనిని బాలిక యెట్లు చూచునో ఆలోచింతము. ఆమెకు కన్పించునది డోరేమి దిగులు, అందమైన గాజుగోళములు, ఒక మంచి యక్క వెళ్ళిపోవుట. ఈ మూడును నిజముగ కథలో నున్నవే. ప్రౌఢునకు కన్పించునది అదనముగ నేదో దాచిన యర్థము కాదు. అతనికి కన్పించునవియు ఆ మూడే. ఐతే త్రోవ చీలినచోట నిలిచిన దినము అతనికి ముందు లేదు, వెనుక నున్నది. బాలికకు భయానకముతో కూడిన ఆశ యైనది, అతనికి నిర్వేదముతో కూడిన స్మృతి యగుచున్నది. ఆలంబన మొక్కటియే, సంచారిభావములు వేఱు. కావున గూఢార్థవాదము, అనగా ప్రౌఢుడు బాలునకందని వేఱొక కృతిని చూచుచున్నాడనునది, నిలువజాలదు. ఇరువురును ఒకే కృతిని చూచుచున్నారు. అట్లు చూడదగినట్లు నిర్మించుటయే కర్తల ప్రతిభ. పిల్లలకు తెలియకుండ పెద్దలకొఱకు కన్నుగీటు కృతులు వేఱు కలవు. అవి పిల్లలను ప్రక్కకు నెట్టును. డోరేమియందు అట్టి కన్నుగీటు మాకు కానరాలేదు.

ఇక వాత్సల్యవాదము. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున వత్సలమును పదవ రసముగ అంగీకరించెను. రెండవ భాగము చూచువారికి అది యిచట అక్షరాల వర్తించునని తోచును. మాయాలోకపు గులాబినుండి పుట్టిన హన యను పసిపాపను తొమ్మిది పదేండ్ల బాలికలు ఏడాదిపాటు పెంచవలసివచ్చును. రాత్రులు నిద్ర లేక, పాలుపట్టి, ఏడ్పు మాన్పలేక వారు పడు పాట్లు చూచి తలిదండ్రులైనవారు నవ్వక మానరు. కాని ఈ వాత్సల్యమున చూచువాడు ఎల్లప్పుడు పైనుండి చూచును. అతడు రక్షకుడు, శిశువు రక్ష్యము. మిరాయ్ కథయందు ఆ పై మెట్టు లేదు. మనము డోరేమి ప్రక్కననే నిలుతుము. అంతేకాదు. మూడవ, నాలుగవ భాగములకు మూలమైన పూర్వరాణి కథ ఈ వాత్సల్యమునే ప్రశ్నించుచున్నది. ఆమె మానవుని పెండ్లాడినది. తనవారొక్కరొక్కరే గతించుచుండ తాను మాత్రము మిగిలినది. ఆ దుఃఖము ముండ్లతీగలై లోకమును చుట్టుకొన్నది. ప్రేమించినవారిని పట్టి యుంచుకొనవలెనన్న కోరికయే శాపముగ పరిణమించినది. తండ్రివలె మురియుటకు కూర్చున్న ప్రౌఢునకు ఈ కథ తన మురిపెములోని పట్టుదలను చూపి హెచ్చరించును. కావున వత్సల మిచట అంగము, అంగి కాదు.

మఱల బాలుడగుట యను మొదటి సమాధానమునకు వత్తము. ఇదియే లోకమున మిక్కిలి ప్రచారమున నున్నది. దీనికి మా ప్రత్యుత్తరము సులభము. మేము బాల్యమున ఈ కృతిని చూడలేదు. మాకు తిరిగి చేరదగిన బాల్య మిందు లేదు. ఐనను చిన్ననాడు చూచినవారి సంగతి యేమని యడుగవచ్చును. ఆ ప్రశ్నకు కృతికర్తలే సమాధానము చెప్పిరి. ఇరువదియేండ్ల జ్ఞాపకార్థము 2020 నవంబరులో విడుదలైన చలనచిత్రమున డోరేమి కథానాయిక కాదు. చిన్ననాడు డోరేమిని చూచి పెరిగిన ముగ్గురు యువతులు అందు నాయికలు. ఒకతె టోక్యోలో ఉద్యోగిని, ఒకతె ఉపాధ్యాయవృత్తికి తాను తగుదునా యని సంశయించు విద్యార్థిని, ఒకతె ఒనొమిచిలో చిన్న ఉద్యోగము చేసికొనుచు చిత్రకళ నభ్యసింప కోరునది. మహోదో యంగడికి నమూనా యైన కామాకురలోని పాత యింటి యెదుట వారు కలిసికొందురు. పిమ్మట కలిసి యాత్రలు చేయుదురు. వారికి దొరకునది పోయిన బాల్యము కాదు, ఒకరి కొకరు. మాయ తమకు దొరకలేదని తెలిసికొన్నవారు ఆ తెలివిని పంచుకొనుటయే ఆ చిత్రమున వస్తువు. ప్రౌఢుడు బాలకావ్యమునకు తిరిగి వచ్చుట వెనుకకు నడచుట కాదని ఇంతకంటె స్పష్టముగ చెప్పుట కష్టము.

కృతిలో దోషములు లేవని మేమనము. బొమ్మల విక్రయమునకై ఇది పుట్టినదను ఆక్షేపము నిజమే. బండాయ్ సంస్థ ఆటవస్తువులు దీనికి తోడుగ వెలువడినవి. ప్రతి భాగమున క్రొత్త మంత్రదండము, క్రొత్త వేషము వచ్చుటకు కథాకారణముకంటె అంగడికారణమే బలవత్తరము. ప్రతివారము అదే వేషధారణ దృశ్యము మఱల మఱల వచ్చును. శ్రమ తగ్గించుకొనుటకై నిర్మాతలు పట్టిన ఉపాయమది. ఐనను పిల్లలకు అది పాటలోని పల్లవివలె పనిచేయును, తెలిసినది మఱల వచ్చునన్న భరోసా నిచ్చును. రెండవ భాగమున హనను అపహరింపవచ్చు బాలమాయావుల కథలు పలుచన. 201 ప్రకరణములలో మఱచిపోదగినవి చాల కలవు. కాని రాజాస్థానమున బహుమానమునకై వ్రాసిన కావ్యమును ఆ కారణముచే మనము త్రోసిపుచ్చము. పోషకుడెవడని గాక, పోషకుని యవసరము తీర్చి కవి మిగుల్చుకొన్నదేమని విమర్శకుడు చూడవలెను. ఇచట మిగిలినది ఆ మూడు నిషేధములు. ఆటవస్తువుగ అమ్మబడు మంత్రదండము నిజముగ కావలసినదేదియు తేలేదని, దానిని అమ్ముచున్న కథయే నాలుగేండ్లు చెప్పినది.

నాలుగేండ్లను మాటయు ఊరక అనలేదు. ఇట్టి కథలలో నాయికలు తఱచు ఎదుగరు. ఏండ్లు గడచినను అదే తరగతిలో నుందురు. డోరేమి మూడవ తరగతిలో మొదలై, చూచు పిల్లలతోపాటు ఏటేట ఒక తరగతి ఎక్కి, ఆరవ తరగతి ముగించి వెళ్ళిపోయినది. చివరి ప్రకరణమున స్నాతకోత్సవదినమున ఆమె బడికి పోదు. చెలికత్తెలందఱు విడిపోవుదురన్న భయముతో మహోదో తలుపులు మూసికొని లోపల కూర్చుండును. ముండ్లతీగలలో కూర్చున్న పూర్వరాణియు ఇట్లే చేసినది. తాము మాన్పిన రోగమే తమ నాయికకు సోకినట్లు కర్తలు చూపిరి. అప్పటికి మంత్రకత్తెలగు హక్కు వారికి లభించియున్నది. ఆ హక్కును వదలి మనుష్యులుగ ఎదుగుటకు వారు నిశ్చయించుకొనిరి. కావున తలుపు తెఱపించునది మాయ కాదు. ఆమె ఈ నాలుగేండ్లలో ఎవరెవరికి తోడు నిలిచినదో వారందఱు బయట నిలిచి పిలుతురు. ఆమె వచ్చును.

ఈ దృశ్యమును మేము మా కుమార్తెతో కలిసి చూచితిమి. అప్పటికి ఆమె డోరేమి వయస్సునకు వచ్చియుండెను, ఆ బొమ్మలపై మోజు తగ్గియుండెను. మేమే పట్టుబట్టి చూపితిమి. పూర్వమడిగిన ప్రశ్న ఆమెకు జ్ఞాపకముండునని మేమనుకొనలేదు. కాని ముగింపున ఆమె, “బతికించలేకపోయినా రోజూ వెళ్ళింది కదా, అదే మంత్రమేమో” అనెను. మా నాయనమ్మ గదికి తాను రోజూ పోయెడిదానననియు ఆ మాటలో నుండెనో లేదో మేమడుగలేదు. మేము అలంకారశాస్త్రమును తిరుగవేసి, రెండు పర్యాయములు చూచి, కష్టపడి చేరిన చోటికి ఆమె తన త్రోవను వచ్చి చేరినది.

కావున బాలకావ్యమును ప్రౌఢుడు ఆస్వాదించుట దిగివచ్చుట కాదు, వెనుదిరుగుట కాదు, దాచిన నిధిని త్రవ్వుకొనుట కాదు. బాలుడు ముందు అడిగిన ప్రశ్నను ప్రౌఢుడు ఆలస్యముగ వినుట. అట్లు వినదగిన ప్రశ్నను నిజాయితీతో అడుగనిచ్చిన కృతియే ఉత్తమ బాలకావ్యము. మన భాషలో బాలవాఙ్మయమును పరిశీలించువారు నీతిని, భాషాసారళ్యమును కొలుచుచున్నారు. వానితోపాటు ఈ కొలమానమును కూడ స్వీకరింపదగునేమో విజ్ఞులు విచారింతురు గాక.